పచ్చబడిన బంగాళాదుంప : ఆలస్యపు త్రవ్వకమునందు ఆరోగ్య జాగ్రత్తలు

బంగాళాదుంప ఎరుగని వంటయిల్లు భారతదేశములో అరుదు. కోస్తా జిల్లాలలో దీనిని బంగాళాదుంప యనియు, తెలంగాణములో ఆలుగడ్డ యనియు, రాయలసీమలో ఉర్లగడ్డ యనియు వ్యవహరింతురు. పేరేదైనను దుంప ఒక్కటే. ప్రపంచములో ఈ పంటను అత్యధికముగా పండించు దేశములలో చైనా మొదటిది, భారతదేశము రెండవది. ఉత్తర ప్రదేశ్, పశ్చిమ బెంగాల్, బీహారు రాష్ట్రములు మన దేశపు పంటలో పెద్దభాగమును అందించుచున్నవి. తెలుగు ప్రాంతములలో జహీరాబాదు పరిసరములందును, చిత్తూరు సీమలోని మిట్టభూములందును దీనిని సాగుచేయుచున్నారు. అయినను మన బజారులకు వచ్చు దుంపలలో చాలభాగము ఉత్తరాది నుండియే రావలసియున్నది.

ఇది మంచి ఆహారము. నూరు గ్రాముల దుంపలో ముప్పాతిక వంతుకు పైగా నీరే యున్నను, మిగిలిన భాగములో శక్తినిచ్చు పిండిపదార్థము, సుమారు 2 గ్రాముల మాంసకృత్తులు, పొటాసియము, కొంత సి విటమిను గలవు. పెద్దలకును పిల్లలకును ఇది సులభముగా జీర్ణమగును. కావున బంగాళాదుంపను చూచి భయపడవలసిన పని లేదు. అయితే ఈ మంచి ఆహారము ఒక్క కారణమువలన చెడ్డదిగా మారవచ్చును. ఆ కారణము వెలుతురు. పంటకాలము చివర త్రవ్విన దుంపలకు ఈ ప్రమాదము మరింత హెచ్చు. పొలములో త్రవ్వువారు మొదలు వంటయింటిలో తరుగువారి వరకు అందరును ఎరుగవలసిన సంగతులను ఈ చిన్న పుస్తకము వివరించుచున్నది.

దుంప వేరు కాదు, కాండము

చిలగడదుంప, ముల్లంగి, క్యారెట్టు వేళ్ల జాతికి చెందినవి. బంగాళాదుంప అట్టిది కాదు. అది భూమిలోపల ఊరిన కాండము. దుంపపై కనిపించు కన్నులు నిజమునకు మొగ్గలు. తగిన కాలమున ఆ మొగ్గలనుండియే మొలకలు బయలుదేరును. కాండమగుటచేతనే బంగాళాదుంపకు వెలుతురు తగిలినపుడు అది ఆకువలె పచ్చబడుటకు మొదలిడును. ఆ పచ్చదనము పత్రహరితము. మనము నిత్యము తిను ఆకుకూరలలో ఉన్నదియు అదియే. దానివలన హాని లేదు.

హాని వేరొకచోట ఉన్నది. వంగ, మిరప, టమాటా, పొగాకు మొక్కల కుటుంబమునకే బంగాళాదుంపయు చెందినది. ఈ మొక్క పురుగుల నుండియు తెగుళ్ల నుండియు తన్ను తాను కాపాడుకొనుటకై సొలనిన్, చాకొనిన్ అను చేదు పదార్థములను తయారుచేసికొనును. ఆకులలోను, పువ్వులలోను, మొలకలలోను ఇవి మెండు. దుంప కండలో మాత్రము ఇవి మిక్కిలి తక్కువ. మంచి దుంపలో కిలోగ్రాముకు 20 మొదలు 100 మిల్లీగ్రాముల వరకు ఇవి సహజముగా ఉండును. కిలోకు 200 మిల్లీగ్రాములు మించిన దుంప ఆహారమునకు తగదని నిపుణులు సామాన్యముగా అంగీకరించుచున్నారు.

వెలుతురు తగిలిన దుంపలో పచ్చదనముతో పాటు ఈ చేదు పదార్థములును పెరుగును. రెండును వేరువేరు మార్పులే. ఒకటి రెండవదానికి కారణము కాదు. కాని రెండింటిని ప్రేరేపించునది వెలుతురే. చేదు పదార్థమును కన్ను చూడలేదు, పచ్చదనమును చూడగలదు. అందుచేత పచ్చదనమును ప్రకృతి యిచ్చిన హెచ్చరికగా గ్రహింపవలెను. దెబ్బ తగిలిన దుంపలోను, మొలకెత్తిన దుంపలోను కూడ ఈ పదార్థములు పెరుగునని గుర్తుంచుకొనవలెను.

ఆలస్యము ఎందుకు జరుగును?

గంగా మైదానములలో బంగాళాదుంపను సాధారణముగా అక్టోబరు ప్రాంతమున నాటి, ఫిబ్రవరి, మార్చి నెలలలో త్రవ్వుదురు. జహీరాబాదు వంటి దక్కను ప్రాంతములందును ఇది ప్రధానముగా చలికాలపు పంటయే. పంట పండినను రైతు ఒక్కొక్కపుడు త్రవ్వక వేచియుండును. పంట ఒక్కసారిగా బజారున పడి ధర తగ్గుట, కూలీలు దొరకకపోవుట, శీతల గిడ్డంగిలో చోటు లభింపకపోవుట, దుంప ఇంకను ఊరునను ఆశ ఇందుకు కారణములు.

ఇచట ఒక సంగతిని స్పష్టముగా తెలిసికొనవలెను. ఆలస్యము తనంతట తాను విషము కాదు. లేతగా త్రవ్విన దుంపలోకన్న బాగుగా ముదిరిన దుంపలో చేదు పదార్థములు సాధారణముగా తక్కువగానే ఉండును. ముదిరిన దుంపకు తొక్క గట్టిపడును, నిలువకు ఆగును. కావున దుంపను ముదరనిచ్చుట వేరు; ముదిరిన పిమ్మట దానిని ఎండకును వేడికిని వదలివేయుట వేరు. మొదటిది మేలు చేయును. రెండవది కీడు చేయును.

వేచిన కొలది పొలములో కలుగు మార్పులు

ఫిబ్రవరి గడచిన పిదప మైదానములందు ఎండ ముదురును. మొక్క ఎండిపోయి, ఆకులు రాలి, బోదెలపై నీడ లేకుండ పోవును. నీరు కట్టుట మానిన నేల ఆరి పగుళ్లు తీయును. గాలికిని వానకును బోదెల మట్టి జారును. అపుడు పైవరుసలోని దుంపలు బయటపడును. పగుళ్ల గుండ వెలుతురు లోపలికి పోవును. చూచుటకు మట్టిలోనే ఉన్నట్లు తోచిన దుంప కూడ ఒక ప్రక్క పచ్చబడును.

ఆ పగుళ్ల గుండనే దుంప తొలుచు పురుగు లోపలికి ప్రవేశించును. నేల వేడి 28 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన కొలది నల్లకుళ్లు తెగులు సులభముగా వ్యాపించును. ఇట్టి సమయమున అకాల వర్షము పడి నీరు నిలిచినచో దుంపలు మెత్తబడి, నీరుకారి, దుర్గంధముతో కుళ్లును.

కొండప్రాంతములందు ఆలస్యపు స్వరూపము వేరు. హిమాచల ప్రదేశములోని ఎత్తయిన లోయలలో వేసవిలో నాటిన పంటను చలి రాకముందే త్రవ్వవలసియుండును. అచట ఆలస్యమైనచో శత్రువు ఎండ కాదు, మంచు. గడ్డకట్టి కరగిన దుంప మెత్తబడి త్వరలో కుళ్లిపోవును. మైదానమైనను కొండయైనను నియమము ఒక్కటే: తొక్క గట్టిపడిన పిదప పంటను వాతావరణమునకు అప్పగింపరాదు.

ఉడికించినను పోని చేదు

మన వంటిండ్లలో ఒక నమ్మకము గలదు. ఏ దోషమైనను నిప్పు మీద పెట్టిన పోవునని అందురు. నీటిలోని రోగక్రిముల విషయములో ఇది చాలవరకు సత్యమే. బంగాళాదుంపలోని చేదు పదార్థముల విషయములో ఇది సత్యము కాదు. ఉడికించుట, ఆవిరి పెట్టుట, కుమ్ములో కాల్చుట, నూనెలో వేపుట అను వీనిలో ఏదియు వానిని తగినంతగా నశింపజేయలేదు. మసాలా, చింతపండు, మిరపకారము చేదును నాలుకకు తెలియకుండ కప్పిపుచ్చునే గాని విషమును తొలగింపవు.

ఈ పదార్థములు అధికముగా కడుపులోనికి పోయినచో గొంతు మండుట, కడుపునొప్పి, వికారము, వాంతులు, విరేచనములు, తలనొప్పి, జ్వరము కలుగును. తీవ్రమైనపుడు మగత, తికమక, చూపు మసకబారుట, అపస్మారము వంటి నరముల సంబంధమగు లక్షణములు కూడ కనిపించును. సాధారణముగా ఈ లక్షణములు తిన్న వెంటనే గాక కొన్ని గంటల తరువాత బయటపడును. అందుచేత పలువురు దీనిని నీటిదోషముగానో, మరియొక వంటకపు దోషముగానో భావింతురు, దుంపను అనుమానింపరు.

1969వ సంవత్సరమున లండను నగరములోని ల్యూయిషామ్ ప్రాంతమున ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనము చేసిన 78 మంది బాలురు ఇట్లు జబ్బుపడిరి. వారిలో 17 మందిని ఆసుపత్రిలో చేర్చవలసివచ్చెను. భోజనమైన 7 గంటలు మొదలు 19 గంటల లోపల లక్షణములు కనబడెను. విచారింపగా, సెలవులకు ముందు మిగిలిపోయిన ఒక సంచి బంగాళాదుంపలు వంటలో వాడబడినట్లు తేలెను. బాలురందరును కోలుకొనిరి. వైద్యులు ఈ ఉదంతమును 1979లో వైద్య పత్రికలో ప్రకటించిరి. వండినవారు దుంపలను ఉడికించియే వడ్డించిరనుట ఇందులో గమనింపదగిన విషయము.

ఇట్టి ఉదంతములు అరుదే. కాని పిల్లల విషయములో అధిక జాగ్రత్త అవసరమగుటకు ఒక కారణము గలదు. విషము యొక్క ప్రభావము శరీరపు బరువును బట్టి యుండును. 60 కిలోల బరువుగల తండ్రియు, 15 కిలోల బరువుగల బిడ్డయు ఒకే దుంపలోని సమాన భాగములు తిన్నచో, బిడ్డ శరీరముపై పడు భారము తండ్రికన్న నాలుగు రెట్లు హెచ్చు. బిడ్డ చేదుగా ఉన్నదని ముద్దను ఉమ్మివేసినపుడు బలవంతముగా తినిపింపరాదు. ఆ నాలుక నిజమే చెప్పుచుండవచ్చును.

పొలములో చేయవలసిన పనులు

దుంపను వెలుతురునుండి కాపాడుట నాటిననాటి నుండియే ఆరంభింపవలెను. మొక్కలు ఎదుగుచున్న కాలమున మట్టిని చక్కగా ఎగదోసి బోదెలను ఎత్తుగా నిలిపినచో దుంపలు బయటపడవు. వాన తరువాతను, నీరు కట్టిన తరువాతను పొలము చుట్టి వచ్చి, కనిపించిన దుంపలను మట్టితో కప్పవలెను.

త్రవ్వుటకు 10 మొదలు 15 దినములు ముందుగా నీరు కట్టుట ఆపవలెను. పిమ్మట మొక్కల కాడలను నేలమట్టముగా కోసివేసి, దుంపలను మట్టిలోనే కొన్నాళ్లు ఉంచినచో తొక్క గట్టిపడును. బొటనవ్రేలితో దుంపను గట్టిగా రుద్ది చూడవలెను. తొక్క ఊడిరానిచో పంట త్రవ్వుటకు సిద్ధమైనదని యర్థము. ఆ దినము దాటిన పిమ్మట ఊరకే వేచియుండుటవలన లాభము లేదు.

త్రవ్వకమును ఉదయపు చల్లదనములో సాగించుట మేలు. పైకి తీసిన దుంపల తడి ఆరిన వెంటనే నీడకు చేర్చవలెను. మధ్యాహ్నపు టెండలో సాలు వెంబడి పరచియుంచరాదు. కోయబడినవి, గుద్దుకొన్నవి, కుళ్లినవి, పచ్చబడినవి వేరుచేసి, తక్కినవానిని గాలి తగులు నీడలో కుప్పవేసి, ఎండుగడ్డితో మందముగా కప్పవలెను. ఇట్లు 10 మొదలు 15 దినములు ఉంచినచో చిన్న గాయములు మానును. తరువాత మరల ఏరి, సంచులకెత్తి గిడ్డంగికి పంపవలెను. శీతల గిడ్డంగిలో సాధారణముగా 2 మొదలు 4 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో దుంపలు నెలల తరబడి నిలుచును. బండికెత్తినపుడును, గిడ్డంగి వాకిట వంతుకై వేచియున్నపుడును సంచులపై కప్పు ఉండవలెను. పొలములో పడిన శ్రమ దారిలో వ్యర్థము కారాదు.

విత్తనమునకై మందు పట్టించిన దుంపలను ఏ పరిస్థితియందును వంటకు వాడరాదు, అమ్మరాదు. అట్టి సంచులపై గుర్తు వేసి పిల్లలకు అందనిచోట ఉంచవలెను. పంటపై పురుగుమందు చల్లినపుడు, చల్లిన దినమునకును త్రవ్వు దినమునకును మధ్య ఉండవలసిన గడువు డబ్బాపై ముద్రింపబడి యుండును. దానిని తప్పక పాటింపవలెను.

త్రవ్వు కూలీల ఆరోగ్యము

ఆలస్యపు త్రవ్వకము పంటకే గాక పనివారికిని కష్టము. మార్చి నెల ఎండలో వంగి దుంపలు ఏరువారు, అందులోను స్త్రీలు, దాహమును ఓర్చుకొని పనిచేయుట కలదు. ఇది మంచిది కాదు. తలకు గుడ్డ చుట్టుకొని, దాహము వేయకముందే తరచుగా నీరు గాని ఉప్పు కలిపిన మజ్జిగ గాని త్రాగవలెను. తల తిరుగుట, వికారము, ఒళ్లు కాలిపోవుట కలిగినచో పని మాని నీడకు చేరి, ఒంటిని తడిగుడ్డతో తుడువవలెను. స్పృహ తప్పినచో ఆలసింపక వైద్యమునకు కొనిపోవలెను.

మట్టిలో ధనుర్వాతపు క్రిములుండును. గునపము గాని పార గాని తగిలి గాయమైనచో సబ్బుతోను శుభ్రమైన నీటితోను కడిగి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి టీకా విషయమై విచారింపవలెను. గాయముపై మట్టి గాని పేడ గాని పూయరాదు. పని ముగిసిన తరువాత చేతులు కడిగికొనియే అన్నము ముట్టవలెను.

బజారులోను ఇంటిలోను

దుంపలను కొనువారు పగటి వెలుతురులో త్రిప్పి చూచి కొనవలెను. మట్టి దట్టముగా అంటియున్న దుంపలో పచ్చదనము కనబడదు. ఒకటి రెండు దుంపలను తుడిచి చూచినచో నిజము తెలియును. గట్టిగా ఉండి, ముడుతలు, మొలకలు, కోతలు లేని దుంపలను ఎన్నుకొనవలెను. తక్కువ ధరకు వచ్చినదని పచ్చబడినవానిని బస్తాలుగా కొనుట పొదుపు కాదు.

అంగడిలో దీపముల క్రింద దినముల తరబడి పరచిన దుంపలును పచ్చబడును. ఎండ మాత్రమే గాక దీపపు వెలుతురు కూడ ఇందుకు చాలునని వర్తకులు గ్రహింపవలెను. రాత్రివేళ గోనెపట్టా కప్పుట ఖర్చులేని పని.

ఇంటికి తెచ్చిన దుంపలను చీకటిగా, చల్లగా, గాలి తగులుచోట ఉంచవలెను. వెదురుబుట్టలో పోసి గోనెగుడ్డ కప్పిన చాలును. వెలుతురు చొరబడు ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచరాదు. లోపల చెమ్మపట్టి కుళ్లును. కడిగి నిలువచేయరాదు. వారమునకొకమారు ఏరి, చెడినవానిని తీసివేయవలెను. అక్కరకు మించి కొనకుండుట అన్నిటికన్న సులభమైన జాగ్రత్త.

వంటకు ముందు

చేదు పదార్థములలో చాలభాగము తొక్కయందును, తొక్కను ఆనుకొనియున్న పలుచని పొరయందును ఉండును. కన్నులచుట్టును మొలకలలోను ఇవి మరింత హెచ్చు. కావున ఒకచోట మాత్రమే కొద్దిగా పచ్చబడిన గట్టి దుంపను, ఆ భాగమును లోతుగా కోసివేసి, తొక్కను మందముగా తీసి వాడవచ్చును. చిన్న మొలక వచ్చిన గట్టి దుంపను మొలకతో పాటు కన్నును కూడ లోతుగా తొలగించి వాడవచ్చును.

దుంపలో చాలభాగము పచ్చబడినను, కోసినపుడు పచ్చదనము లోపలికి వ్యాపించినట్లు కనబడినను, పొడవైన మొలకలు వచ్చి మెత్తబడినను దానిని పారవేయవలెను. వండిన కూర చేదుగానుండి గొంతు మండించినచో ఎంత ఖర్చుపెట్టి వండినను తినరాదు. అట్టి దుంపలను గాని, మొలకలను గాని, తొక్కలను గాని పశువులకు వేయరాదు. వానికిని హాని కలుగును. గోతిలో పూడ్చుట మంచిది. పాఠశాలలందును, వసతిగృహములందును, విందులందును పెద్దమొత్తముగా వండువారు దుంపలను గుంపుగా తరుగక, ఒక్కొక్కటి చూచి ఏరుటకు ఒకరిని ప్రత్యేకముగా నియమింపవలెను.

పేదవాని ఇంట దుంపను పారవేయుట సులభము కాదు. గంజిలోనికి అదియే ఆధారమైన దినములు ఉండును. అందుచేతనే ఈ జాగ్రత్త వంటయింటి గుమ్మమునొద్ద గాక పొలములోనే మొదలుకావలెను. రైతు కప్పిన ప్రతి దుంపయు ఒక తల్లి పారవేయవలసిన అవసరము లేని దుంపయగును.

జబ్బుపడినచో

బంగాళాదుంప తిన్న కొన్ని గంటలకు ఇంటిలో పలువురికి వాంతులును విరేచనములును మొదలైనచో మిగిలిన కూరను ఎవరును తినరాదు. వైద్యునికి చూపుటకై కొంత మూతపెట్టి ఉంచవలెను. రోగి శరీరమునుండి నీరు నష్టము కాకుండుటకు ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై వ్రాసిన కొలత ప్రకారము కాచి చల్లార్చిన నీటిలో కలిపి, కొద్దికొద్దిగా పట్టవలెను. బలవంతముగా వాంతి చేయింపరాదు. నాటుమందులు పోయరాదు.

ఈ విషమునకు ప్రత్యేకమైన విరుగుడు లేదు. తగిన నీరు, విశ్రాంతి, వైద్యుని పర్యవేక్షణయే చికిత్స. చాలమంది ఒకటి రెండు దినములలో కోలుకొందురు. కాని రోగి చిన్నబిడ్డయో, గర్భిణియో, వృద్ధులో అయినచోను, ఎవరికైనను వాంతులు ఆగనిచోను, మూత్రము తగ్గినచోను, మగత, తికమక, వణుకు, అపస్మారము కలిగినచోను వేచియుండక ఆసుపత్రికి కొనిపోవలెను. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో 108 సంఖ్యకు టెలిఫోను చేసినచో అత్యవసర వాహనము వచ్చును. ఎపుడు తిన్నది, ఎంత తిన్నది, దుంప పచ్చగా నుండెనా, కూర చేదుగా నుండెనా యను సంగతులను వైద్యునికి చెప్పవలెను.

ముఖ్యాంశములు

తొక్క గట్టిపడిన వెంటనే పంటను త్రవ్వవలెను. త్రవ్విన దుంపను నీడకు చేర్చి కప్పవలెను. బజారులోను ఇంటిలోను చీకటిచోట ఉంచవలెను. కొద్దిపాటి పచ్చదనమును లోతుగా కోసివేయవలెను. పచ్చదనము హెచ్చుగానున్న దుంపను, చేదుగానున్న కూరను విడువవలెను. నిప్పు ఈ చేదును పోగొట్టదు. దుంప మట్టిలోనున్నంతకాలము మట్టియే దానిని వెలుతురునుండి కాపాడును. మట్టినుండి తీసిన పిమ్మట ఆ పని మనుష్యులది.